కాలేయ కణమునకు అందిన కబురు

ఖమ్మము మిర్చి మార్కెట్టు దాటి, కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవువారికి త్రోవలో రెండు లోకములు కనిపించును. మొదట మిరప, ప్రత్తి, మొక్కజొన్న పండు చేలు. పిదప ఇప్ప, తునికి, టేకు చెట్ల అడవి. పంటలు వేరైనను, పలుకుబడి వేరైనను, ఈ రెండు చోట్ల వారికిని సమానముగా తెలిసిన వ్యాధి యొకటి కలదు. అది పచ్చకామెర్లు. కన్ను పచ్చబడినదనగానే ఇంటిలోని పెద్దలు నేల ఉసిరి పసరును తలంతురు. నూనె, కారము మానుమందురు. కామెర్లు కాలేయమునకు సంబంధించినవని అందరికిని తెలిసినదే. కాని కాలేయము చేయు పని యేమి, అది చెడుట ఎట్లు, అందులో కొన్ని కణములు కట్టుదప్పి క్యాన్సరుగా మారుటకు కారణమేమి అను ప్రశ్నలకు సమాధానములు వెదకుట మాత్రము ఒక్క తరములో ముగిసిన పని కాదు.

ఆ అన్వేషణలో ముఖ్యమైన భాగము నిర్వహించినవారిలో మన తెలుగువారొకరు కలరు. వారు డాక్టరు జనార్దన్ రెడ్డిగారు. హైదరాబాదులో వైద్యవిద్య నభ్యసించి, అమెరికాకు పోయి, మొదట కాన్సాస్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రమునందును, 1970ల మధ్యకాలము నుండి చికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమునందును వారు పరిశోధన సాగించిరి. అచ్చట పాథాలజీ శాఖకు చాలకాలము అధ్యక్షులుగా నుండిరి. వారి కృషి చరిత్రను చెప్పుకొనుట ఒక వ్యక్తిని పొగడుట కొరకు మాత్రమే కాదు. ఎలుకలో కనిపించిన ఆపద మనిషికి కూడ ఆపదయేనా అను ప్రశ్నకు శాస్త్రము ఎట్లు సమాధానము సంపాదించునో ఆ చరిత్ర వలన తెలియును. ఔషధము మ్రింగు ప్రతివారికిని, ఆహారము తిను ప్రతివారికిని ఆ ప్రశ్నతో సంబంధమున్నది.

ముందుగా కాలేయమును గూర్చి రెండు మాటలు. పెరిగిన మనిషిలో దాని తూకము సుమారు కిలోన్నర. పేగులలో జీర్ణమైన ఆహారసారమును మోసుకొని వచ్చు రక్తము మొట్టమొదట కాలేయమునకే చేరును. అచ్చట చక్కెర నిల్వయగును, పైత్యరసము తయారగును, విషములు విరిగిపోవును, క్రొవ్వు కొంత దాచబడును, కొంత దహింపబడును. పల్లెటూరి గృహస్థు ఇంటిలో ధాన్యపు కొట్టు, వంటశాల, పెరటిలోని చెత్తకుప్ప అను మూడు ఒకే గదిలో ఉన్నట్లు ఊహించుకొనిన కాలేయము సంగతి కొంత బోధపడును. ఏకాదశినాడు ఉపవాసమున్నవారికి సాయంకాలమువరకు నడచు శక్తి ఎక్కడిది? నిల్వయున్న చక్కెర తరిగినకొద్దియు కాలేయము క్రొవ్వును దహించుటకు పూనుకొనును. ఈ మార్పు తనంతట జరుగదు. ఇక క్రొవ్వు ముట్టింపవలెనను కబురు కణమునకు అందవలెను. ఆ కబురు ఎవరు తెత్తురు, ఎవరు అందుకొందురు అనునదే ఈ కథలోని కీలకము.

క్యాన్సరు సంగతి కూడ ఇట్లే అర్థము చేసికొనవచ్చును. ప్రతి కణములోను జన్యువులనెడి దస్తావేజులున్నవి. కణము ఎప్పుడు పెరుగవలెను, ఎప్పుడు రెండుగా చీలవలెను, ఎప్పుడు మిన్నకుండవలెను అనునవి అందులో లిఖింపబడియున్నవి. కణము కట్టుతప్పుటకు రెండు మార్గములు కలవు. మొదటిది, దస్తావేజులోని వ్రాతయే చెడుట. రెండవది, వ్రాతను ఎవరును ముట్టకున్నను, పెరుగుమను ఉత్తరువు వేళకాని వేళల, తెంపులేకుండ వచ్చుచుండుట. మొదటి మార్గమును శాస్త్రజ్ఞులు ముందుగా తెలిసికొనిరి. రెండవది తెలియుటకు జనార్దన్ రెడ్డిగారి పరిశోధనలు మిక్కిలి తోడ్పడినవి. విశేషమేమన, వారు రెండు మార్గములందును పనిచేసిరి.

మొదటి మార్గమునకు మన యిండ్లకు దగ్గరగానున్న ఉదాహరణము బూజు. 1960లో ఇంగ్లండు దేశములో లక్షకుపైగా టర్కీ కోళ్ళు హఠాత్తుగా చచ్చినవి. వానికి పెట్టిన వేరుసెనగ పిండిలో ఒక విధమైన బూజు పెరిగి విషము పుట్టించినదని తేలినది. ఆ విషమునకు అఫ్లటాక్సిను అని పేరిడిరి. తడి ఆరకముందే నిల్వచేసిన వేరుసెనగ, మొక్కజొన్న, మిరపకాయలందు ఈ బూజు సులభముగా పెరుగును. 1974వ సంవత్సరము చివర గుజరాతు, రాజస్థానముల సరిహద్దులలోని గిరిజన గ్రామములందు కామెర్లు, కడుపులో నీరుచేరుట అను లక్షణములతో ఒక వ్యాధి వ్యాపించినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థనుండి కృష్ణమాచారిగారును, వారి సహచరులును పోయి విచారించిరి. కాలముగాని కాలమున కురిసిన వర్షములకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నయే ఆ బీదల ఆహారము. వారు లెక్కించిన 397 మంది రోగులలో 106 మంది మరణించిరి. ఆ యిండ్లలో అదే తిండి తిన్న కుక్కలకు కూడ ఆ వ్యాధియే సోకినది. ఈ విచారణ ఫలితములు 1975లో లండనునుండి వెలువడు లాన్సెట్ పత్రికలో ప్రకటితమైనవి.

ఆ గ్రామములకును మన మన్యపు గ్రామములకును ఎంత పోలికయున్నదో వేరుగా చెప్పనక్కరలేదు. అడవి అంచున మొక్కజొన్న, గుడిసెలో నిల్వ, కోతవేళకు వచ్చిపడు వాన. ఇవి మనకును కొత్తవి కావు.

అఫ్లటాక్సిను ఒక్కమారుగా ఎక్కువ తిన్న ప్రాణము తీయును. కొంచెము కొంచెముగా ఏండ్ల తరబడి తిన్న కాలేయములో క్యాన్సరు కలిగించును. 1976లో జనార్దన్ రెడ్డిగారు, డోనాల్డ్ స్వబోడా, సాంబశివరావుగారు కలిసి, ఉడుతను పోలి చెట్లపై తిరుగాడు టుపాయా అను జంతువునకు ఈ విషమును తినిపించి, దాని కాలేయమున కంతులు పుట్టుటను చూపించిరి. ఎలుకలకే గాక ఇతర జంతువులకును ఇది ప్రమాదమని దానివలన రూఢియైనది. ఆ విషము జన్యువునకు అంటుకొని వ్రాతను చెరుపును. 1991లో చైనాలోని చీదొంగ్ ప్రాంతపు రోగులను, ఆఫ్రికా ఖండపు దక్షిణభాగపు రోగులను పరీక్షించిన రెండు బృందములవారు, కాలేయ క్యాన్సరు కణములలో పి-53 అను కావలి జన్యువునందు ఒకే తావున ఒకే అక్షరము మారుట తరచుగా కనిపించుచున్నదని వెల్లడించిరి. దస్తావేజు మీద పడిన వేలిముద్రవంటిది ఆ మార్పు. ఎలుకలో, టుపాయాలో, మనిషిలో, ముగ్గురియందును సాక్ష్యము ఒకే దిక్కునకు చూపినది. ఇక్కడ సందేహమునకు తావులేదు.

రెండవ మార్గము ఇట్లు సూటిగా సాగలేదు. దాని కథ ఒక మందుతో ఆరంభమైనది.

ఇంగ్లండులోని ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ అను కంపెనీవారు 1960ల ఆరంభమున క్లోఫైబ్రేటు అను మందును వెలికి తెచ్చిరి. రక్తములోని క్రొవ్వును తగ్గించుట దాని గుణము. గుండెజబ్బులు ప్రబలుచున్న దేశములలో దానికి గొప్ప ఆదరణ లభించినది. అయితే ఆ మందు తినిపించిన ఎలుకల కాలేయములు ఉబ్బుచుండెను. 1965లో స్విట్జర్లాండు పరిశోధకులును, 1966లో కాన్సాస్‌లోని స్వబోడా, అజర్నాఫ్ అనువారును ఆ కాలేయములను ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూచిరి. కణములలో చిన్నచిన్న గుండ్రని సంచులు గుంపులు గుంపులుగా పెరిగియుండెను.

ఆ సంచులు అంతకుముందు తెలియనివి కావు. 1954లో స్వీడను దేశములో రోడిన్ అను విద్యార్థి ఎలుక మూత్రపిండమునందు వానిని చూచి వర్ణించెను. బెల్జియము శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డి డూవ్ వానిలో హైడ్రొజను పెరాక్సైడు పుట్టుటయు, కెటలేసు అను ఎంజైము దానిని విరుగగొట్టుటయు కనిపెట్టి, పెరాక్సిసోములని నామకరణము చేసెను. 1974లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి పొందిన మువ్వురిలో ఆయన యొకడు. 1976లో ఆయనయు, పాల్ లాజరోయు ఈ సంచులు క్రొవ్వును దహించు చిన్న పొయ్యిలని తెలిపిరి. పొయ్యి మండినచో పొగ తప్పదుగదా! ఇక్కడ పొగవంటిది హైడ్రొజను పెరాక్సైడు. కెటలేసు దానిని ఎప్పటికప్పుడు తుడిచివేయవలెను.

కాన్సాస్‌లో స్వబోడాతో కలిసి పనిచేయుచున్న జనార్దన్ రెడ్డిగారు ఈ సంచుల విషయమును పట్టిరి. తరువాత దశాబ్దముల తరబడి విడువలేదు. ఆయన వేసికొనిన మొదటి ప్రశ్న సులభముగా కనిపించును: ఇది క్లోఫైబ్రేటునకు మాత్రమే ప్రత్యేకమైన గుణమా? 1975లో కృష్ణకాంతగారితో కలిసి సైన్స్ పత్రికలో ప్రకటించిన వ్యాసములో దీనికి సమాధానమున్నది. క్లోఫైబ్రేటుతో నిర్మాణములో ఏ పోలికయు లేని రెండు పదార్థములు కూడ కాలేయములో పెరాక్సిసోములను పెంపొందించినవి. రూపములు వేరు, ఫలితమొక్కటి. ఇట్టి పదార్థముల కన్నిటికిని కలిపి పెరాక్సిసోము వర్ధకములను పేరు రూఢమైనది. తరువాత ప్లాస్టిక్కును మెత్తపరచుటకు వాడు కొన్ని రసాయనములు కూడ ఈ కోవకే చెందునని తెలిసినది.

ఇంతవరకు ఇది కణశాస్త్రమునందలి ఒక వింత. వింత భయముగా మారుటకు ఎక్కువ కాలము పట్టలేదు. రెడ్డిగారును, సాంబశివరావుగారును, ఇతర సహచరులును ఈ వర్ధకములను చిట్టెలుకలకు, ఎలుకలకు ఏడాదికి పైబడి తినిపించి చూచిరి. కాలేయములో కంతులు పుట్టినవి. మిక్కిలి తీవ్రమైన వర్ధకములు తిన్నవానిలో దాదాపు అన్నిటికిని పుట్టినవి. 1980లో అజర్నాఫ్, హిగ్నైట్ అనువారితో కలిసి వారు నేచర్ పత్రికలో వ్రాసిన వ్యాసము ఈ పదార్థములు క్యాన్సరు కలిగించు రసాయనములలో ఒక నూతన తరగతియని ప్రతిపాదించినది.

నూతన తరగతి యనుటకు కారణము గమనింపదగినది. అంతవరకు తెలిసిన క్యాన్సరు కారకములు చాలవరకు అఫ్లటాక్సిను వలె జన్యువు మీద దెబ్బతీయునవి. అట్టి దెబ్బను బాక్టీరియాల సాయముతో పసిగట్టు పరీక్షయు అప్పటికి వాడుకలోనికి వచ్చినది. పెరాక్సిసోము వర్ధకములు ఆ పరీక్షలలో నిర్దోషులుగా తేలినవి. వ్రాత చెడలేదు, అయినను కణము కట్టుతప్పినది. పొయ్యిలు పెరిగి పొగ ఎక్కువై, కెటలేసు దానికి తగినంతగా పెరుగక, ఆ పొగయే కాలక్రమమున జన్యువులను చెరుపుచుండవచ్చునని రెడ్డిగారు ఊహించిరి. ఈ ఊహ కథలో కొంత భాగమే యని, కణములు చీలిపెరుగుటకు కలుగు ప్రేరణ కూడ ముఖ్యమని పిదప ఇతరులు చూపిరి. శాస్త్రములో మంచి ఊహ యనగా తుదకు నిలిచినది మాత్రమే కాదు. తరువాతి పరీక్షకు దారి చూపినది కూడ మంచి ఊహయే.

ఈలోపల మనుష్యుల సంగతి యేమి? క్లోఫైబ్రేటును లక్షలాది మంది వాడుచుండిరి. ఎడింబరో, బుడాపెస్ట్, ప్రాగ్ నగరములలో 15,000కు పైబడిన పురుషులతో జరిగిన పెద్ద పరీక్ష ఫలితములు 1978లో వెలువడినవి. గుండెపోటులు కొంత తగ్గినను, మందు వాడినవారిలో ఇతర కారణముల వలన మరణములు ఎక్కువగా కనిపించినవి. అదే సమయమున ఎలుకల కాలేయ క్యాన్సరు వార్త వచ్చినది. సంశయము కలుగుట సహజము. ఒక పక్షమువారు ఎలుకకు చెరుపైనది మనిషికి చెరుపు కాకపోదనిరి. రెండవ పక్షమువారు ఎలుక ఎలుకయే, మనిషి మనిషియే యనిరి. ఇరువురి వాదములును ఊహలే. మందులు తయారుచేయు కంపెనీలకు ఒక సమాధానము లాభము. భయపడిన రోగికి మరియొకటి ఊరట. సత్యము మాత్రము ఎవరి ఇష్టమును బట్టియు మారదు.

జనార్దన్ రెడ్డిగారు వాదమునకు దిగుటకంటె, ఈ పదార్థములు కాలేయ కణమునకు కబురు ఎట్లందించుచున్నవో తెలిసికొనుట మేలని భావించిరి. నిర్మాణములో పోలికలేని పదార్థములన్నియు ఒకే పని చేయించుచున్నవనగా, వానినన్నిటిని అందుకొను ద్వారపాలకుడెవరో కణములోపల ఉండవలెను. 1983లో ఆయన బృందమువారు నాఫెనోపిన్ అను వర్ధకమును పట్టుకొను ప్రోటీనొకటి ఎలుక కాలేయములో ఉన్నదని ప్రకటించిరి. మరుసటి సంవత్సరము మరియొక పరీక్ష వెలువడినది. కాలేయ కణములను వేరుచేసి, మరియొక జంతువు శరీరములో కాలేయము కాని తావున నాటి, ఆ జంతువునకు వర్ధకమును తినిపించిరి. పుట్టింటికి దూరమైనను ఆ కణములు తమ గుణము మరువలేదు. పెరాక్సిసోములు వానిలో పెరిగినవి. కబురు నందుకొను శక్తి కణములోనే కలదనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము వేరేమి కావలెను? 1986లో వారే, వర్ధకము ఇచ్చిన కొద్ది గంటలలోనే క్రొవ్వును దహించు ఎంజైముల జన్యువులు చురుకుగా పనిచేయనారంభించునని తెలిపిరి. అనగా కబురు నేరుగా కణకేంద్రకములోని దస్తావేజుల గదికే పోవుచున్నది.

ద్వారపాలకుని మొట్టమొదట పట్టుకొనినవారు మాత్రము వేరొకరు. 1990లో ఇంగ్లండులో ఇస్సెమన్, గ్రీన్ అనువారు చిట్టెలుక కాలేయమునుండి ఆ గ్రాహకపు జన్యువును వేరుచేసి నేచర్ పత్రికలో ప్రకటించిరి. పెరాక్సిసోము వర్ధకములచే మేల్కొనునది గనుక దాని ఆంగ్లనామపు పొడి అక్షరములను బట్టి పి.పి.ఎ.ఆర్. అని వ్యవహరింతురు. దానిని పిలుచు పేరులోనే రెడ్డిగారి పూర్వకృషి నిలిచియున్నది. రెండేండ్లలో స్విట్జర్లాండులో వాలీ బృందమువారు ఇట్టివి మూడు రకములున్నవని చూపిరి. 1993లో రెడ్డిగారి ప్రయోగశాలనుండి గామా అను రకపు చిట్టెలుక జన్యువు వెలువడినది. కాలేయములో ప్రధానమైనది ఆల్ఫా. క్రొవ్వు కణములు రూపొందుటలో ముఖ్యమైనది గామా.

గ్రాహకము దొరికిన పిదప అసలు పరీక్ష సాధ్యమైనది. అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థలో గొంజాలెజ్ బృందమువారు ఆల్ఫా గ్రాహకము లేని చిట్టెలుకలను 1995లో పుట్టించిరి. 1997లో వానికి తీవ్రమైన వర్ధకమును దీర్ఘకాలము తినిపించిరి. తోడి ఎలుకలకు కంతులు పుట్టినవి. గ్రాహకము లేనివానికి ఒక్కటియు పుట్టలేదు. కబురు తెచ్చువాడు వాకిట నిలిచియున్నను, లోపల అందుకొనువాడు లేనప్పుడు ఇంటిలో అలజడి లేదు. పదునేడేండ్ల క్రితము ప్రతిపాదించిన నూతన తరగతి యెట్టిదో అప్పుడు స్పష్టమైనది.

ఇక గ్రాహకమొక్కటియే చాలునా? 1997లోనే రెడ్డిగారి బృందమువారు ఆ గ్రాహకమునకు అంటుకొని పనిచేయు సహాయక ప్రోటీను నొకదానిని కనుగొనిరి. జన్యువులను చదువు యంత్రాంగమునకును గ్రాహకమునకును అది నడుమ వంతెన. 2007లో వారు కాలేయములో ఆ వంతెన లేని చిట్టెలుకలను పరీక్షింపగా, వర్ధకము వలన కలుగు కంతులు వానిలో పెరుగలేదు. తాసీల్దారు సంతకము చేసినను, కాగితము మోయు బంట్రోతు లేనిచో ఉత్తరువు ఊరు చేరదుగదా!

ఈ కృషిలో నాకు అన్నిటికంటె లోతైనదిగా తోచునది మరియొకటి. 1996లో వారు పెరాక్సిసోములో క్రొవ్వును దహించు మొదటి ఎంజైము లేని చిట్టెలుకలను రూపొందించిరి. వానికి ఏ మందును ఇవ్వలేదు. అయినను వాని కాలేయములు క్రొవ్వుతో నిండి వాచినవి. పిదప పెరాక్సిసోములు తమంత తాము పెరిగినవి. తుదకు కంతులును పుట్టినవి. ఈ ఫలితములు 1998లో పూర్తిగా ప్రకటితమైనవి. దీని అర్థమేమి? దహింపబడక మిగిలిన క్రొవ్వు ముక్కలే గ్రాహకమును తట్టి లేపుచున్నవి. అనగా క్లోఫైబ్రేటు వంటి మందులు కొత్త భాష మాటలాడుట లేదు. శరీరములోని క్రొవ్వు నిత్యము పలుకు మాటనే అనుకరించుచున్నవి. ఉపవాసవేళ కాలేయమునకు కబురందించునది ఈ మార్గమే. 1999లో వెలువడిన పరిశోధనలలో ఆల్ఫా గ్రాహకము లేని చిట్టెలుకలు పస్తులకు తాళలేక, చక్కెర పడిపోయి, కాలేయము క్రొవ్వుపట్టి నీరసించినవి. ఏకాదశి ప్రశ్నకు ఇక్కడ సమాధానము దొరకినది. ఆకలిని తట్టుకొనుటకు ప్రకృతి ఏర్పరచిన ఏర్పాటే, తెంపులేకుండ మ్రోగినప్పుడు ఎలుకకు చెరుపైనది.

మరి మనిషి మాట? గ్రాహకము దొరికినందువలన ఈ ప్రశ్నను కూడ ఊహతో కాక పరీక్షతో అడుగుట సాధ్యమైనది. మనిషి కాలేయములో ఆల్ఫా గ్రాహకము ఎలుకలో కంటె తక్కువ. ఈ తరగతి మందులు వాడినవారి కాలేయపు తునుకలను పరీక్షింపగా ఎలుకలలో వలె పెరాక్సిసోములు విపరీతముగా పెరుగలేదు. 2004 తరువాత, ఎలుక గ్రాహకమును తీసివేసి మనిషి గ్రాహకమును అమర్చిన చిట్టెలుకలను పరీక్షించిరి. మందు వలన వాని రక్తములో క్రొవ్వు తగ్గినది. కాలేయ కణములు మాత్రము ఎలుకలో వలె చీలి పెరుగలేదు, కంతులును అంతగా పుట్టలేదు. ఒకే కబురును ఇద్దరు అందుకొని, ఒకరు పొయ్యి మాత్రమే ముట్టించిరి, మరియొకరు ఇల్లే పెంచసాగిరి. క్లోఫైబ్రేటు పరీక్షలోని పురుషులను మరికొన్నేండ్లు గమనించి 1984లో ప్రకటించిన లెక్కలందును క్యాన్సరు మరణముల ఆధిక్యము నిలువలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1996లో క్లోఫైబ్రేటును, మనుష్యులలో క్యాన్సరు కారకమని వర్గీకరించుటకు వీలులేని పదార్థముల వరుసలో చేర్చినది. ఆ కుటుంబమునకే చెందిన ఫెనోఫైబ్రేటు నేటికిని వాడుకలో ఉన్నది.

ఒకనాడు భయము కలిగించిన ఆ గ్రాహకమే నేడు చికిత్సకు ఆధారమగుట చరిత్రలోని చమత్కారము. మద్యము ముట్టనివారికి సయితము కాలేయమున క్రొవ్వుచేరు వ్యాధి నేడు పట్టణములలోను పల్లెలలోను పెరుగుచున్నది. ఆల్ఫా, గామా గ్రాహకములు రెంటిని మేల్కొలుపు సారోగ్లిటజార్ అను మందు మనదేశములోనే రూపొంది, 2013లో మధుమేహ రోగుల క్రొవ్వు దోషమునకును, 2020లో క్రొవ్వు వలన వాచిన కాలేయమునకును అనుమతి పొందినది. పైత్యనాళములను క్రమముగా పాడుచేయు ఒక కాలేయ వ్యాధికి ఈ గ్రాహకముల మీద పనిచేయు మందులు 2024లో అమెరికాలో ఆమోదము పొందినవి. ఎలుక కాలేయములోని చిన్న సంచులను ఓపికగా లెక్కించినవారు ఇంతదూరము ఊహించియుండరు.

ఈ చరిత్రలో మనకు పనికివచ్చు తీర్పు రెండు విధములుగా నున్నది. ఎలుక సాక్ష్యమును త్రోసిపుచ్చరాదు. అది లేకున్న గ్రాహకపు జాడయే తెలిసియుండదు. దానినే తుది తీర్పుగా కూడ పట్టరాదు. మనిషిలో కబురు నందుకొను విధము వేరు. మంచి వార్తకును ఇదే నియమము. మన నేల ఉసిరినే చూడుడు. 1988లో మద్రాసులో హెపటైటిస్ బి వైరసు మోయుచున్నవారికి దానిని ఇచ్చి చూడగా ఆశాజనకమైన ఫలితములు వచ్చినవని లాన్సెట్‌లో ప్రకటితమైనది. తరువాత వేరుచోట్ల జరిగిన పరీక్షలలో ఆ ఫలితము నిలువలేదు. పెద్దలు చెప్పిన మొక్కను గౌరవించుట తప్పుకాదు. కాని కన్ను పచ్చబడిననాడు పసరుతో కాలము గడుపక రక్తపరీక్ష చేయించుకొనుట అవసరము. హెపటైటిస్ బి వైరసు కాలేయ క్యాన్సరునకు ముఖ్య కారణములలో నొకటి. దానికి టీకా యున్నది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఆ టీకాను మనదేశముననే చవుకగా తయారుచేసినది. నేడు పుట్టిన బిడ్డలకు ప్రభుత్వము దానిని ఉచితముగా వేయించుచున్నది.

సందేహము లేని విషయము బూజు. అఫ్లటాక్సిను విషయమున ఎలుక సాక్ష్యము, మనిషి సాక్ష్యము ఏకమైనవని ముందే చెప్పితిని. వంటవేడికి ఆ విషము పూర్తిగా నశింపదు. కావున మొక్కజొన్న కండెలను, మిరపకాయలను, వేరుసెనగను నేలమీద తడిలో వదలక, పట్టాలపై బాగుగా ఎండబెట్టి, గాలియాడు ఎత్తైన చోట నిల్వచేయవలెను. బూజుపట్టిన గింజలను ఏరి పారవేయవలెను. పశువులకు, కోళ్ళకు పెట్టినను ప్రమాదమే. మార్కెట్టులో ధర తగ్గునని మాత్రమే మిరపను ఆరబెట్టువారు, ఇంటిలో తినబోవు గింజను కూడ అంత శ్రద్ధతోనే ఆరబెట్టుట మంచిది. 1974లో ఆ గిరిజన గ్రామములలో మరణించిన 106 మందికి ఈ హెచ్చరిక అందలేదు. మన మన్యములో అది అందని గూడెము ఉండరాదు.